నూనె చిందిన మచ్చలు

తెక్కలకోట,
4 ఆగస్టు 2007

ప్రభువు కాపుదలలో ఉన్న డెబోరాకు సామ్రాజ్యం అత్త దీవించి రాస్తున్నది.

ఇక్కడ నేనూ మీ నాన్నా ఉన్నంతలో బాగున్నాం. నా చెవులే రోజు రోజుకూ మొండికేస్తున్నాయి. మొన్న నువ్వు ఫోన్ చేస్తే పక్కింటామె మాట్లాడి, నువ్వు చెప్పిందంతా నాకు సైగలతో చెప్పింది. ముప్పై ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో నర్సు పని చేసి, డాక్టరు గొణిగిన మాట కూడా పట్టుకున్నదాన్ని. ఇప్పుడు మనుషుల పెదవులు చూసి కాలం గడుపుతున్నాను. అందుకే ఉత్తరం రాస్తున్నాను. కుడి చెయ్యీ కాలూ పడిపోయి నా దగ్గరికి వచ్చేసినప్పటి నుంచి మీ నాన్నకు కూడా నీ ఉత్తరమే పెద్ద కాలక్షేపం. వచ్చిన ప్రతిదీ రెండుసార్లు చదివించుకుంటాడు.

అసలు సంగతికి వస్తాను. గాంధీనగర్‌లో మీ వెనక వీధి సరోజినీదేవి బుధవారం కూతురి ఇంటికని ఇక్కడికి వచ్చి, మన ఇంట్లో కాఫీ తాగింది. పోయిన ఆదివారం నువ్వు గుడిలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని ఆఖరి బెంచీలో కూర్చున్నావట. ప్రార్థనకు అద్దాలు తీస్తే కళ్ళు ఎర్రబడి వాచి ఉన్నాయట. ముంజేతుల మీద మిరియపు గింజంత గుండ్రటి మచ్చలు ఆరేడు ఉన్నాయట. ఏమైందమ్మా అంటే నవ్వి వెళ్ళిపోయావట.

నవ్వి తప్పించుకున్నావనే మాటే నాకు నచ్చలేదు. మీ ఆయన ఎరిక్ ఎలా ఉన్నాడు? గనుల పనిలో ఉన్నవాళ్ళ చేతుల్లో ఇప్పుడు డబ్బు ఆడుతున్నది, డబ్బు ఆడే ఊళ్ళో సీసా కూడా ఆడుతుందని అందరూ అంటున్నారు. నేనేమీ అనడం లేదు, అడుగుతున్నాను. పదేళ్ళ వయసు నుంచి నా చేతిలో పెరిగినదానివి. నా దగ్గర దాచకు.

నీ మేలు కోరే అత్త,
సామ్రాజ్యం


బళ్లారి,
9 ఆగస్టు 2007

అత్తకు డెబోరా వందనాలు.

సరోజినీదేవిగారికి ఆదివారం నాడు ప్రసంగం కంటే నా చేతులే బాగా గుర్తున్నట్టున్నాయి. కళ్ళకు కలక వచ్చింది. మా స్కూల్లో సగం మంది పిల్లలకు వచ్చింది, టీచరుకు రాకుండా ఉంటుందా. ఇప్పుడు తగ్గిపోయింది. చేతుల మీదివి నూనె చిందిన మచ్చలు. గారెలు వేస్తుంటే చిందింది. అంతే.

ఎరిక్ బాగున్నాడు. సీసా సంగతి చదివి నవ్వుకున్నాను. ఆయనకు సోడా తాగితేనే ఎక్కిళ్ళు వస్తాయి. ఖనిజం లారీలు తూచే కాటా దగ్గర పొద్దున్నుంచి నిలబడి, ఇంటికి వచ్చేసరికి చెవుల్లో కూడా ఎర్రదుమ్మే. ఉతికిన తెల్ల చొక్కా దండెం మీద ఆరేలోపే కాషాయం రంగుకు తిరుగుతున్నది. సందు దొరికితే చాలు లారీలు మా వీధిలోకే దూరుతున్నాయి.

నేను మధ్యాహ్నం బడి అయ్యాక కుట్టు క్లాసుకు వెళ్తున్నాను. పొద్దుపోవడానికి. నాన్నకు నా ముద్దులు. నెలాఖరులో వస్తాననుకుంటున్నాను.

డెబోరా


తెక్కలకోట,
14 ఆగస్టు 2007

డెబోరా,

నీ ఉత్తరం చేరింది. మధ్యాహ్నం మీ నాన్నకు అన్నం తినిపిస్తూ చదివాను. నూనె చిందిందన్న మాట దగ్గర ముద్ద నోట్లో పెట్టబోతే ఎడమ చేత్తో నా చేతిని తోసేశాడు. రెండేళ్ళుగా వాడి మాట నాకు తప్ప ఇంకెవరికీ సరిగ్గా అర్థం కాదు కదా. ఆ పూట మాత్రం పక్కింటామెకు కూడా అర్థమైందట.

"నూనె గాదు అక్కా అది. నాకు తెలుసు. వాడే కాలుస్తాండాడు. ఆ పిల్లను ఈడికి పిలిపియ్," అన్నాడు.

ఆ తర్వాత అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఇక నా అనుమానాలు విను. కళ్ళకలక ఒకరికి వస్తే ఇల్లంతటికీ వస్తుంది. ఎరిక్ బాగున్నాడని రాశావు, అతనికి ఎందుకు రాలేదు? రెండోది, సరోజినీదేవి కూతురి ఇంటినుంచి వెళ్ళిపోతూ మళ్ళీ వచ్చింది. నువ్వు రోజూ మోక రోడ్డులో ఒక రేకుల షెడ్డులోకి వెళ్తున్నావట. అది జంబన్న అనే ముసలాయనది, అక్కడ కుట్టు మిషను ఉన్న దాఖలా లేదట. లోపలినుంచి నీలం వెలుగులు వస్తాయట. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నట్టుంది నీ కుట్టు క్లాసు. ఇంట్లో ఉండలేక అక్కడ తలదాచుకుంటున్నావా? ఆ ముసలాయన ఎవరు?

ఒక అబద్ధం ఆడిన మనిషి రెండోది కూడా ఆడి ఉంటుందని నర్సు ఉద్యోగం నాకు నేర్పింది. దెబ్బ తగిలి వచ్చిన ఆడవాళ్ళందరూ గడపే తగిలిందనేవాళ్ళు.

నిజం రాయి.

అత్త


బళ్లారి,
20 ఆగస్టు 2007

అత్తా, వందనాలు.

కుట్టు క్లాసు అబద్ధమే. కళ్ళకలక అబద్ధం. గారెలు కూడా వేయలేదు. నిజం రాస్తున్నాను, కూర్చొని చదువు.

నేను వెల్డింగు నేర్చుకుంటున్నాను.

మే నెలలో మా గేటు బందు ఊడిపోయింది. అతికించమని ఊళ్ళో నలుగురిని అడిగాను. ఎవరికీ తీరిక లేదు. ఖనిజం ఎక్కువ పట్టాలని లారీల తొట్లకు పైన రేకులు వేసి ఎత్తు పెంచుతున్నారు, వెల్డర్లందరూ ఆ పని మీదే ఉన్నారు. చివరికి జూన్‌లో జంబన్న దగ్గరికి పోతే, "నాకు రెండు నెలలు పురుసొత్తు ల్యా తాయీ. అంత తొందరుంటే నువ్వే నేర్చుకో," అన్నాడు. విసుక్కొని అన్న మాట అది. మరుసటి రోజు బడి వదలగానే పోయి నిలబడ్డాను. ఆయన నోరు తెరుచుకొని చూశాడు. తర్వాత ఒక చెక్క ముక్క వేసి కూర్చోమన్నాడు. ఆయనకు డెబ్భై ఏళ్ళు, ఆయన భార్య మారెక్క ఆ షెడ్డులోనే మాకు టీ కాస్తుంది. అనుమానం తీరిందా?

మొదటి రోజు చేసిందంతా రాడ్డును ఇనుముకు అతికించి పీకడమే. తగిలించగానే అంటుకొని, రాడ్డు మొత్తం ఎర్రగా కాలిపోతుంది. "గుచ్చగూడదు. అగ్గిపుల్ల గీసినట్ల గీకు, గీకినంక సొల్ప పైకెత్తు," అంటాడు జంబన్న. ఎక్కువ ఎత్తితే ఆరిపోతుంది, దించితే అంటుకుంటుంది. ఆ సందు బియ్యపు గింజంత. పదిరోజులు నేను గీసిన అతుకు కోడి కెలికినట్టే ఉండింది. కుదిరినప్పుడు మాత్రం చప్పుడే మారిపోతుంది అత్తా, బోండాలు వేగుతున్నట్టు ఉంటుంది. చల్లారాక పైన పేరుకున్న చిట్టెం సుత్తితో కొడితే పెచ్చులుగా రాలి, కింద వెండిలా అతుకు కనిపిస్తుంది. మొదటిసారి అలా వచ్చినప్పుడు జంబన్న ఆ ముక్కను వైసులో బిగించి విరిచి చూడమన్నాడు. ఒళ్ళంతా బరువు వేసి లాగినా విరగలేదు. నేను చేసిన పని విరగలేదని మనిషి ఏడుస్తుందా? నేను ఏడ్చాను.

కళ్ళ సంగతి. ఎడమ చేత్తో నల్ల అద్దం మొహానికి అడ్డం పట్టుకోవాలి. ఎక్కడ గీకాలో కనిపించక నేను అద్దం పక్కకు తీసి గీకేదాన్ని. ఆ వెలుగు చూస్తే అప్పుడేమీ తెలియదు. మర్నాడు తెల్లవారేసరికి కళ్ళల్లో ఇసుక పోసినట్టు. ఎరిక్ ఆలుగడ్డ చక్రాలు తరిగి కళ్ళమీద పెట్టి, సెలవు పెట్టి పక్కన కూర్చున్నాడు. చేతుల మీదివి నిప్పురవ్వలు పడ్డ మచ్చలు. ఎరిక్ పాత పొడుగు చేతుల చొక్కా ఒకటి అందుకోసమే తీసుకున్నాను, వేసుకోవడం మరిచిపోతుంటాను.

నర్సువి కదా, కళ్ళ మీద పెద్ద ప్రసంగం చేస్తావని, నాన్న కంగారు పడతాడని దాచాను. అదే తప్పు. ఇప్పుడు గేటు బాగుంది. పూలకుండీల కోసం ఒక స్టాండు చేస్తున్నాను, ఒక కాలు పొట్టిది వచ్చింది. నాన్నకు ఇదంతా చదివి వినిపించు.

డెబోరా


తెక్కలకోట,
27 ఆగస్టు 2007

డెబోరాకు,

చదివి వినిపించాను. మీ నాన్న ఒక్కమాట కూడా నమ్మలేదు. నేను నమ్ముదామనే అనుకున్నాను. బస్టాండు దగ్గర వెల్డింగు షాపుకు స్వయంగా పోయి, ఒక టీచరమ్మ ఈ పని సరదాకు నేర్చుకుంటుందా అని అడిగాను. పద్మనాభ అనే అతను. పని ఆపి నా మొహం చూసి, "ఆడోళ్ళు ఈ పక్క నిలబడి చూడనుగూడా చూడరమ్మా. ఎవురో నీకు సుద్దులు జెప్తాండారు," అన్నాడు.

ఇప్పుడు నన్నేం చేయమంటావు? నీకు మంచి తెలివి ఉంది. గుండ్రటి మచ్చలకూ ఎర్రటి కళ్ళకూ షెడ్డుకూ నీలం వెలుగుకూ అన్నిటికీ సరిపోయే కథ అల్లగలవు. బడిలో కూడా వ్యాసాల్లో నీకే మొదటి బహుమతి వచ్చేది. మొగుణ్ణి కాపాడుకోవడానికి ఆడది ఎంత చక్కగా మాట్లాడుతుందో నేను వార్డుల్లో చూశాను. ఎరిక్ ఆలుగడ్డలు తరిగి పెట్టాడని రాశావు చూడు, అక్కడే నా అనుమానం ఇంకా గట్టిపడింది. కాల్చిన చెయ్యే మర్నాడు మందు రాస్తుంది.

మీ నాన్న నాలుగు రోజులుగా సరిగ్గా తినడం లేదు. నీ పేరు చెప్పి ఏడుస్తున్నాడు. "ఆలస్యం జెయ్యొద్దు అక్కా," అని నా కొంగు పట్టుకున్నాడు. అందుకని మీ గుడి అయ్యగారికి నిన్న ఉత్తరం రాశాను. ఎరిక్‌ను విచారించమన్నాను. నీకు కోపం రావచ్చు. నువ్వు బతికి ఉండి నామీద కోపంగా ఉన్నా నాకు చాలు.

అత్త


బళ్లారి,
10 సెప్టెంబరు 2007

సామ్రాజ్యం అత్తకు,

నువ్వు రాసిన ఉత్తరం ఏం చేసిందో చెప్తాను.

సెప్టెంబరు రెండు, సంస్కారపు ఆదివారం. పాట అయ్యాక అయ్యగారు మా బెంచీ దగ్గరికి దిగి వచ్చి, ఎరిక్ భుజం మీద చెయ్యి వేసి మెల్లగా చెప్పాడు. "ఈ నెల బల్ల దగ్గరికి రావద్దప్పా. పెద్దలు వచ్చి మాట్లాడేదుండాది." మెల్లగానే చెప్పాడు, ముందు రెండు బెంచీలవాళ్ళూ తిరిగి చూశారు. రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి అందరూ లేచి వెళ్ళారు. మేమిద్దరమే కూర్చున్నాం. ఎరిక్ బాప్తిస్మం అయినప్పటి నుంచి ఒక్కసారి కూడా బల్లకు దూరం కాలేదు. లేచి బయటికి పోతాడేమో అనుకున్నాను. పోలేదు. ఆరాధన అయ్యేదాకా తల వంచుకొని కూర్చున్నాడు. బయట చెప్పుల దగ్గర ఎవరూ ఆయనతో మాట్లాడలేదు.

మంగళవారం పెద్దలు ముగ్గురు వచ్చారు. నా చేతులు చూడడానికి సరోజినీదేవిని కూడా తీసుకొచ్చారు. నేను నోరు తెరవబోతే ఎరిక్, "నువ్వు మాట్లాడొద్దు. చేసి చూపియ్," అన్నాడు.

జంబన్న తన పాత మిషను ఒకటి పోయిన నెలలో మా పెరట్లో పెట్టించాడు. అందర్నీ పెరట్లోకి తీసుకెళ్ళి, ఎరిక్ చొక్కా వేసుకొని, స్టాండు పొట్టి కాలుకు ముక్క అతికించడానికి కూర్చున్నాను. అందరూ అటు తిరగండి, ఈ వెలుగు చూడకండి అని మూడుసార్లు చెప్పాను. ముగ్గురు తిరిగారు. పెద్దల్లో వెంకటరత్నంగారు మాత్రం తిరగలేదు. తను అటు తిరిగితే ఎరిక్ వచ్చి అతికిస్తాడని ఆయన అనుమానం. చేతులు కట్టుకొని ఆసాంతం కన్నార్పకుండా చూశాడు.

మర్నాడు పొద్దున వెంకటరత్నంగారికి కళ్ళు తెరుచుకోలేదు. ఎర్రగా వాచి నీళ్ళు కారుతున్నాయి. ఆయన్ని ఏ మొగుడు కొట్టాడని అడుగుదామనుకున్నాను, ఎరిక్ నా నోరు మూశాడు. మూసి, అరకిలో ఆలుగడ్డలు తీసుకొని వాళ్ళింటికి తానే పోయి వచ్చాడు. నిన్న ఆదివారం వెంకటరత్నంగారు నల్ల అద్దాలతో వచ్చి, అందరి ముందూ లేచి, తప్పు మాదే అని చెప్పి కూర్చున్నాడు. నిన్నంతా ఊరు నవ్వుతూనే ఉండింది.

ఎరిక్ నవ్వలేదు. నిన్న భోజనం దగ్గర, "పెండ్లయి ఏడేండ్లాయె. మీ అత్త నాలో ఏం చూసిందో ఒకసారి అడుగు," అన్నాడు.

అందుకే అడుగుతున్నాను. నువ్వు ఊరికే అనుమానించే మనిషివి కాదు. ఇంటింటా ఆడవాళ్ళకు నూనె చిందుతుంది. ఆ ఒక్కమాటకు నాన్న ముద్ద ఎందుకు తోసేశాడు? నాకు తెలుసు అన్నాడని రాశావు. ఆయనకు ఏం తెలుసు? కాల్చే మగవాణ్ణి ఆయన ఎక్కడ చూశాడు?

జవాబు రాసేదాకా నాకు ఇంకే ఉత్తరం రాయవద్దు.

డెబోరా


తెక్కలకోట,
17 సెప్టెంబరు 2007

నా తల్లి డెబోరాకు,

ఈ ఉత్తరం మీ నాన్నకు తెలియకుండా రాస్తున్నాను. నాలుగు కాగితాలు చించాను.

ముందు ఎరిక్‌కు చెప్పు. ఈ ముసలిది నీ కాళ్ళు పట్టుకుంటానంటున్నదని చెప్పు. ఆ అబ్బాయిలో నేనేమీ చూడలేదు. నేను చూసింది ఇంకొకరిని.

మీ అమ్మ చేతుల మీద కూడా అవే మచ్చలు ఉండేవి. మిరియపు గింజకు కాస్త పెద్దవి, గుండ్రంగా. మీ నాన్న ఆ రోజుల్లో చుట్ట తాగేవాడు. పద్ధతిగా ఉద్యోగం చేసేవాడు, గుడిలో పాట ఎత్తేవాడు, బయట ఎవరితోనూ గట్టిగా మాట్లాడేవాడు కాదు. ఇంట్లో కోపం వస్తే వెలుగుతున్న చుట్ట మీ అమ్మ చేతికి ఆనించేవాడు. ఆమె నా దగ్గరికి ఆసుపత్రికి వచ్చి, "నూనె చిందింది వదినా," అనేది. నేను మందు రాసేదాన్ని. చుట్ట కాలిన మచ్చ ఎలా ఉంటుందో నర్సుకు తెలియదా? మొదటిరోజే తెలుసు. అడగలేదు. ఒక్కసారి కూడా అడగలేదు. తమ్ముడు కదా అనుకున్నాను, ఇంటి గుట్టు బయటపడితే మా తండ్రి పేరు పోతుందనుకున్నాను.

ఆమె విషజ్వరంతోనే పోయింది. అది నిజం, అందులో నేను దాచిందేమీ లేదు. పోయే ముందు రోజు నా చెయ్యి పట్టుకొని, "డెబోరాను నీ తాన పెట్టుకో వదినా. ఆయన తాన ఇడవొద్దు," అనింది. అప్పుడు కూడా ఎందుకని అడగలేదు. నిన్ను తెచ్చుకున్నాను. ఉద్యోగంలో ఊళ్ళు మారుతుంటాడు, పిల్ల చదువు పాడవుతుందని అందరికీ చెప్పాను. వాడు ఆ ఏడే చుట్ట మానేశాడు. నెలకోసారి వచ్చి నీకు జడ వేసి, మిఠాయి పెట్టి పోయేవాడు. నీకు తెలిసిన నాన్న అతనే.

నూనె అని నువ్వు రాయగానే వాడు ఎందుకు నమ్మలేదో ఇప్పుడు నీకు అర్థమయ్యే ఉంటుంది. ఇరవై ఏళ్ళ కిందట నోరు మూసుకున్నందుకు ఈసారి నేను ఊరంతా వినేలా అరిచాను. తప్పు మనిషి మీద అరిచాను.

నన్ను ఏమన్నా పడతాను.

సామ్రాజ్యం


బళ్లారి,
24 సెప్టెంబరు 2007

అత్తా,

నీ ఉత్తరం అంది నాలుగైదు రోజులవుతున్నది. ఎరిక్‌కు చూపించాను. చదివి మడిచి ఇచ్చి, నువ్వు ఆయన కాళ్ళు పట్టుకోనవసరం లేదన్నాడు. వచ్చే నెల సంస్కారానికి వచ్చి తన పక్కన కూర్చొమ్మన్నాడు. అంతవరకే ఆయన మాట. ఇక నాది.

నాకు నీమీద కోపం ఉంది. అది ఎరిక్ గురించి కాదు. ఆ కోపం ఎంత కాలం ఉంటుందో నాకు తెలియదు, ఊరికే పోయిందని రాయలేను.

ఈ వారంలో ఒకటి గుర్తుకు వచ్చింది. నాకు ఆరేడేళ్ళు ఉంటాయి. అమ్మ పొయ్యి ముందు కూర్చొని ఉంటే నేను ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకొని ఊదేదాన్ని. ఏమైందమ్మా అంటే నూనె చిందింది పాపా అనేది. నేను బాండలిని తిట్టేదాన్ని. ఆమె నవ్వేది. ఆ నవ్వు చూడాలని మళ్ళీ తిట్టేదాన్ని.

ఆగస్టులో నీకు అబద్ధం రాయాల్సి వచ్చినప్పుడు నేను అర నిమిషం కూడా ఆలోచించలేదు. నూనె అనే రాశాను. మా ఇంట్లో గారెలు వేసి ఏడాది దాటింది, అయినా కలం దానంతట అదే ఆ మాట రాసింది. ఆ మాట నేను ఎవరి దగ్గర నేర్చుకున్నానో ఇప్పుడు తెలిసింది.

శనివారం పొద్దున బస్సుకు ఒక్కదాన్నే వస్తున్నాను. నాన్నకు ముందుగా ఏమీ చెప్పవద్దు. స్నానం చేయించి కుర్చీలో కూర్చోబెట్టి ఉంచు. నువ్వు ఏమీ సర్దిచెప్పవద్దు, ఆయన మాట నాకు అర్థం కాకపోతే మాత్రం ఆయన పెదవులు చూసి ఉన్నదున్నట్టు చెప్పు.

పొట్టి చేతుల రవిక వేసుకొని వస్తాను. నా చేతులు ఆయన ముందు పెట్టి, ఇవి నా అంతట నేను ఇష్టపడి చేసిన పనిలో పడ్డ మచ్చలు నాన్నా అని చెప్తాను. అమ్మవి ఎలా పడ్డాయో ఆయన చెప్పాలి. నూనె అంటే ఒప్పుకోను.

డెబోరా